శవాన్ని నీళ్లలో పడేసే ముందు

అమ్మడూ,

ఉద్యోగానికి సెలవు పెట్టి హత్య నవల రాస్తున్నావని మీ నాన్న ఫోన్‌లో చెప్పాడు. చేపల వేట మీద బతికే చిన్న ఊరు, రేవులో శవం, కేసు ఛేదించేది పడవ యజమాని కూతురు. వినగానే ఎంత గర్వంగా అనిపించిందో! ఇన్నేళ్లు డిటెక్టివ్ సీరియళ్లు రాసిన నాకు, మన ఇంట్లో ఇంకొకరు ఈ దారిలోకి వస్తారన్న ఆశ ఎప్పుడో పోయింది. అంతలోనే వాడు, "రాత్రి వేటకు వెళ్లే పడవలో ఇది కూడా వెళ్తుందట, కళ్లారా చూస్తేగానీ రాయలేనంటోంది" అన్నాడు. అప్పటినుంచి ఒకటే టెన్షన్. నీకు ఈత రాదు. లైఫ్ జాకెట్ లేకుండా పడవ ఎక్కకు. వాతావరణం బాగాలేదని పడవవాళ్లు ఆగిపోతే నువ్వు బతిమాలి బయల్దేరదీయకు. నవల ఒక నెల ఆలస్యమైనా ఏమీ కాదు.

ఇక రాత సంగతి. హంతకుడెవరో మొదటి వాక్యం రాయకముందే తేల్చుకో. హత్య జరిగిన రోజు ఎవరు ఎక్కడున్నారో గంటలవారీగా రాసి గోడకు అంటించు. హంతకుణ్ణి కథ మొదట్లోనే, మామూలు పాత్రలాగే పాఠకుడికి చూపించు. ఇంగ్లిష్ రచయిత రోనాల్డ్ నాక్స్ 1929లో డిటెక్టివ్ కథలకు పెట్టిన పది నియమాల్లో మొదటిది ఇదే. చిన్న ఊరి కథకు ఇది మరీ ముఖ్యం. అక్కడ హంతకుడు రోజూ కనపడే మనిషై ఉండాలి. ఎవరో బయటివాడు వచ్చి చంపి పోయాడంటే పాఠకుడు పుస్తకం విసిరికొడతాడు.

నీళ్ల దగ్గర మాత్రం తొందరపడకు. సినిమాల్లోలా శవం పడిన వెంటనే తేలదు. మామూలుగా ముందు మునుగుతుంది, లోపల కుళ్లి గ్యాస్ పుట్టాక పైకి వస్తుంది. వెచ్చని నీళ్లలో కొద్దిరోజుల్లోనే తేలేది, చల్లని నీళ్లలో వారాలు పట్టవచ్చు. బాగా లోతైన చల్లని నీళ్లలో అసలు తేలకపోవచ్చు కూడా. శవం నీళ్లలో దొరికినంత మాత్రాన మనిషి మునిగి చనిపోయాడని కాదు. డాక్టర్లు మిగతా కారణాలన్నీ ఒక్కొక్కటిగా కొట్టేసుకుంటూ ఆ నిర్ణయానికి వస్తారు. డయాటమ్‌లని, నీళ్లలో కంటికి కనపడనంత చిన్న నాచుజీవులుంటాయి. గుండె కొట్టుకుంటూ ఉండగా నీళ్లు ఊపిరితిత్తుల్లోకి పోతే అవి రక్తంలో కలిసి ఎముక మజ్జ దాకా చేరతాయంటారు. కానీ ఈ పరీక్షను ఎంతవరకు నమ్మాలో నిపుణుల్లోనే వాదన ఉంది. కాబట్టి అనుమానం పుట్టించడానికి వాడుకో, కేసు మొత్తం దాని మీద నిలబెట్టకు. పెదవులు, కనురెప్పలు చేపలూ పీతలూ కొరికేస్తాయి. ఆ గుర్తుల్ని గాయాలనుకుని ఊరంతా ఒక అమాయకుణ్ణి అనుమానించవచ్చు. నాకు నచ్చే మలుపు అలాంటిది.

వేట తెలిసినవాళ్లకే కనపడే ఆధారాలు వెతుకు. చాలా తీరాల్లో సముద్రం ఒక పోటుకీ మరో పోటుకీ మధ్య సుమారు 12 గంటల 25 నిమిషాలు. అంటే పోటు సమయం రోజుకు ఇంచుమించు 50 నిమిషాలు ఆలస్యమవుతుంది. "తెల్లవారుజామున అయిదింటికి పడవ తీశాను" అని ఒకడు చెబితే, ఆ వేళకు రేవులో నీళ్లే లేవని, పడవ బురదలో కూర్చుని ఉండేదని మీ కథానాయికకు తెలుస్తుంది. పోలీసుకు తెలియకపోవచ్చు. అలాగే "ఇప్పుడే పట్టాను" అని చూపించిన చేపకు కళ్లు లోపలికి పోయి, మొప్పలు గోధుమరంగుకు తిరిగి ఉంటే అతను అబద్ధమాడుతున్నట్టే. పాతకాలం కథ రాస్తే ఇంకో జాగ్రత్త: నైలాన్ సంగతి లోకానికి తెలిసింది 1938లో. అంతకుముందు జరిగే కథలో శవం కాళ్లకు నైలాన్ దారం కట్టావంటే ఎవరో ఒకరు పట్టేసుకుంటారు. ఇంకొకటి, డిటెక్టివ్ హంతకుడికి గాలం వేసినట్టు ఎక్కడా రాయకు. అందరూ రాసేశారు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ ఉత్తరం రాస్తున్నదే దీని కోసం.

నాతోపాటు సీరియళ్లు రాసిన ఒకాయన ఉండేవాడు. మా అందరికంటే బాగా రాసేవాడు. నీలాగే వేట ఊళ్లో కొన్నాళ్లుండి వచ్చి ఒక నవల రాశాడు. ఆ ఊళ్లో అంతకుముందు ఒక మనిషి వేటకు వెళ్లి తిరిగి రాలేదు. ప్రమాదమనే అందరూ అనుకున్నారు. ఈయన ఆ చావును తీసుకున్నాడు. పేర్లు మార్చాడు, ఊరి పేరు మార్చాడు, వయసులు మార్చాడు. ఇంకేం, ఎవరికీ తెలియదనుకున్నాడు. కానీ పడవకు ఒక పక్కనే వేసిన రంగు అలాగే ఉంచాడు. అరుగు మీద సగం బాగుచేసి వదిలేసిన వల అలాగే ఉంచాడు. కథకు ప్రాణం పోసినవి ఆ రెండే మరి! చివర్లో హంతకుడు చనిపోయినవాడి బావమరిది.

సీరియల్ సగంలో ఉండగానే ఆ ఊళ్లో వాళ్లు చదివారు. పడవ గుర్తుపట్టారు. నిజంగానే ఒక బావమరిది ఉన్నాడు. అతనితో వేటకు వెళ్లడానికి ఎవరూ ముందుకు రాలేదు. రచయితకు ఏదో తెలిసే రాసి ఉంటాడని వాళ్ల నమ్మకం. అచ్చులో ఉన్నదాన్ని జనం అంత నమ్ముతారు. చనిపోయినవాడి భార్య పరిస్థితి ఆలోచించు. భర్త పోయాడు, తోడుగా నిలబడ్డ తమ్ముణ్ణే ఊరు అనుమానిస్తోంది, తనకూ ఏ రాత్రో ఆ అనుమానం రాకుండా ఉంటుందా? ఈయన వెళ్లి, అదంతా కల్పనని ఇంటింటికీ చెప్పాడు. "మరి వల సంగతి ఎలా తెలిసింది?" అని అడిగారట. ఆ ప్రశ్నకు ఆయన దగ్గర జవాబు లేదు. తర్వాత ఆయన రాయడం తగ్గించేశాడు, కొన్నాళ్లకు మానేశాడు. ఆ చేతిలో ఇంకా ఎన్ని మంచి పుస్తకాలుండేవో!

అందుకే చెబుతున్నాను. చావును నువ్వే కల్పించు. పడవలు, వలలు, తాళ్ల ముడులు, గాలి, మాట తీరు అక్కడినుంచి తెచ్చుకో. మనిషిని తెచ్చుకోకు. నిన్ను కూర్చోబెట్టి మాట్లాడినవాళ్లు చెప్పిన దుఃఖం నీ ప్లాటుకు ఎంత సరిపోయినా సరే, వదిలెయ్. రాశాక ఆ ఊరివాళ్లలో ఒకరికి చదివి వినిపించు. వాళ్లు ఎక్కడ మౌనంగా అయిపోతే అక్కడ ఆపి అడుగు.

కోప్పడుతున్నాననుకోకు. చిన్నప్పుడు నా రాతప్రతులు ముందే చదివేసి, హంతకుడెవరో పనిమనిషికి కూడా చెప్పేసేదానివి. అప్పుడే అనుకున్నాను, దీనికి కథ ఎక్కడ వదులుగా ఉందో తెలుస్తుందని. ఆ చూపు నీకు ఇప్పటికీ ఉంది.

మొదటి మూడు అధ్యాయాలు కాగానే పంపు. హంతకుడెవరో మాత్రం చెప్పకు, నేనే పట్టుకుంటాను. పడవ ఎక్కే ముందు ఒకసారి, దిగాక ఒకసారి ఫోన్ చెయ్. ఏ వేళైనా ఫరవాలేదు.

మీ అత్తయ్య