అవ్వ బొటనవేలు

నాయనా,

నీ కథ రెండుసార్లు చదివాను. విత్తనానికి బుడ్డలు, అదే వేరుశనక్కాయలు, ఒలిచే అవ్వ కళ్ళకు కట్టింది. ఏరువాక ముందు మా వసారాలోనూ అలాగే కుప్ప పోసుకుని కూర్చునేవాళ్ళు. మిషన్‌లో వేస్తే గింజ దెబ్బతింటుందని, విత్తనం మాత్రం చేత్తోనే ఒలిచేవాళ్ళు. అదంతా బాగా పట్టుకున్నావు. నన్ను ఆపింది ఒక్క వాక్యం: "అవ్వ చర్మం బండబారిపోయింది." ఎక్కడి చర్మం?

చాలా ఏళ్ళు నేనూ ఇలాగే రాశాను. ఒక ఎండాకాలం అనంతపురంలో జువాలజీ చెప్పే స్నేహితుడి ల్యాబ్‌కు వెళ్ళాను. అతను సెల్లోటేప్ ముక్కలు నా నుదుటికి, ముంజేతికి, మడమకు అంటించి లాగాడు. గాజు పలక మీద పెట్టి నీలం రంగు చుక్క వేసి, మైక్రోస్కోప్‌లో చూడమన్నాడు. బుడ్డ గింజ మీది ఎర్ర పొట్టు చూశావు కదా, అలా పలచగా, మూలలు తేలిన బిళ్ళలు. చర్మం పై పొర కణాలవి. ఒక్కోటి ముప్పై నలభై మైక్రాన్ల వెడల్పు; మైక్రాన్ అంటే మిల్లీమీటర్లో వెయ్యో వంతు. నుదుటివి చిన్నగా ఉన్నాయి, ముంజేతివి వాటికంటే పెద్దవి. ముఖం మీద పై పొర తొందరగా రాలి కొత్తది వస్తుంది, కణానికి విచ్చుకునే టైం చాలదు అన్నాడు. మడమ దగ్గరివి మాత్రం విడివిడిగా రాలేదు, పెళ్ళలుగా వచ్చాయి. అరచేతి, అరికాలి కణాల మీద సన్నని మొలకల్లాంటివి ఉంటాయట. వాటిని చూడాలంటే ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్ కావాలి. ఆ రోజు ఇంటికొచ్చి చాలాసేపు నా చేతులే చూసుకున్నాను.

కనురెప్ప మీద చర్మపు పై భాగం మందం 0.05 మిల్లీమీటర్లు. అరికాల్లో అది 1.5 మిల్లీమీటర్ల దాకా ఉంటుంది. ఒకే మనిషి, ముప్పై రెట్ల తేడా! అరచేతిలో, అరికాల్లో వెంట్రుకలుండవు, నూనె గ్రంథులూ ఉండవు. అందుకే అక్కడ తొందరగా ఎండిపోతుంది. మందంగా ఎండిన మడమ మీద ఒళ్ళు బరువు పడితే పగులుతుంది, ఆ పగుళ్ళలో మన ఎర్రమట్టి దిగుతుంది. అవ్వ రాత్రిపూట ఆముదం రాసుకునేది ఊరికే కాదు.

ఈ లెక్కలు కథలో పెట్టమనడం లేదు, పెడితే కథ చెడిపోతుంది. కానీ ఇవి తెలిశాక నువ్వు అవ్వను చూసే తీరు మారుతుంది. రోజంతా కాయను నొక్కేది బొటనవేలు, చూపుడువేలు. ఒత్తిడి పడినచోటే చర్మం మందమెక్కి కాయ కాస్తుంది. అదే చేతి వెనకవైపు తిప్పితే ఎండకు నల్లబడి, ముడతలు పడి, పట్టి లాగితే మెత్తగా పైకి లేస్తుంది. నీ కథలో మనవరాలు నిద్రపోయేటప్పుడు అవ్వ ఆ పిల్ల కనురెప్ప తడుముతుందే, ఆ చోటు చూడు. ఒంట్లోకెల్లా మందమైన చర్మాల్లో ఒకటి, అన్నిటికంటే పలచనిదాన్ని తాకుతోంది. నువ్వు అంత మంచి చోటికి వచ్చి "గరుకు చేత్తో ప్రేమగా" అని దాటిపోయావు. నాకు ప్రాణం ఉసూరుమంది.

ఈసారి ఊరికి పోయినప్పుడు ఒలవడం మొదలుపెట్టకముందే అవ్వ పక్కన కూర్చో. ఆమె కుడిచేతి బొటనవేలు, గోటి పక్కనుంచి చూడు. అడిగి పట్టుకుని చూడు. ఆ పేరా ఒక్కటే మళ్ళీ రాసి పంపించు, మిగతా కథ ముట్టుకోవద్దు.