ఒకే ఐరిష్ ట్యూన్‌ని ఒక్కో ఫిడిలర్ ఒక్కోలా వాయిస్తారెందుకు?

పుస్తకంలో ఉన్నది, యూట్యూబ్‌లో ముగ్గురు వాయించినది, నాలుగూ నాలుగు రకాలుగా ఉన్నాయి, ఏది కరెక్ట్ అని అడిగారు. మన సంగీతంలో దీనికి పాత మాటే ఉంది: పాఠాంతరం, అంటే ఒక్కో గురుపరంపరలో పాట నిలిచిన రూపం. ఇక్కడా ఎవరి పాఠాంతరం అని అడగాలి.

నేను చిన్నప్పుడు విజయవాడలో కొన్నేళ్ళు కర్ణాటక వయొలిన్ నేర్చుకున్నాను. ఉద్యోగానికి డబ్లిన్ వచ్చాక పబ్బుల్లో అందరూ కలిసి ట్యూన్లు వాయించుకునే సెషన్లకి వెళ్ళడం అలవాటైంది. మొదటిసారి ఒక జిగ్‌ని (ఐరిష్ నాట్యపు ట్యూన్లలో ఒక రకం) పుస్తకం చూసి బట్టీపట్టి వెళ్ళాను. ఒక్క స్వరం తప్పలేదు, అయినా పక్కవాళ్ళతో ఎక్కడా కలవలేదు. పక్కన కూర్చున్న పెద్దాయన నవ్వి, ఓ నెల ఊరికే విని వెళ్ళమన్నారు.

తేడా ఎక్కడొస్తుందో ఒక్క బార్‌లో (మన తాళంలో ఆవర్తం లాంటిది) చూపిస్తాను. జిగ్ బార్‌లో ఆరు అక్షరాలు, మూడూ మూడుగా. మొదటి మూడింటికీ కలిపి పుస్తకంలో ‘జి’ స్వరం ఒక్కటే ఉందనుకోండి. ఒకరు దాన్ని అలాగే నిలబెడతారు. ఇంకొకరు రోల్ వేస్తారు: జిని షడ్జమం అనుకుంటే దాదాపు స-రి-స-ని-స. కానీ ఆ రి, ని పూర్తిగా పలకవు, వేలు అలా తగిలి లేచిపోతుంది. ఐర్లండ్ వాయవ్య మూల డొనెగాల్ వైపు వాళ్ళయితే వేలు కదపకుండా, పొట్టి కమాను దెబ్బలతో అదే స్వరాన్ని ముక్కలు చేస్తారు. మరొకరు జి-బి-డి అని విడగొట్టేస్తారు. నాలుగూ సరైనవే. ఎనిమిది బార్ల భాగాన్ని రెండేసి సార్లు, మొత్తం ట్యూన్‌ని మూడు చుట్లు వాయిస్తే ఆ బార్ ఆరుసార్లు వస్తుంది. మంచి ఫిడిలర్ ఆరుసార్లూ ఒకేలా వాయించరు. అలాగని మన కృతుల్లో ఒకే పాదాన్ని మార్చి మార్చి పాడే సంగతుల్లా వరసగా పెంచుకుంటూ పోరు, అప్పటికేది తోస్తే అది.

ఇక ప్రాంతాల సంగతి. డొనెగాల్ ఫిడిలర్ జాన్ డోహర్టీని, పడమటి ఐర్లండ్‌లో తూర్పు క్లేర్ ఫిడిలర్ మార్టిన్ హేస్‌ని వెంటవెంటనే వినండి, తేడా నేను చెప్పక్కర్లేదు. కార్క్-కెర్రీ సరిహద్దులో స్లీవ్ లూక్రా ప్రాంతం వాళ్ళకి పోల్కాలంటే (ఇంకో రకం నాట్యపు ట్యూన్లు) ప్రాణం.

మరి ‘అసలు వెర్షన్’ అనే భ్రమ ఎక్కడిది? షికాగో పోలీస్ చీఫ్ ఫ్రాన్సిస్ ఓనీల్ 1903లో 1,850 ట్యూన్లు అచ్చేశారు. వాటిలో చాలావరకు ఎవరో వాయించగా విని రాయించినవే, అంటే అవీ పాఠాంతరాలే. తర్వాత రికార్డులొచ్చాయి. 1914లో అమెరికా వెళ్ళిన స్లైగో ఫిడిలర్ మైకేల్ కోల్మన్ న్యూయార్క్‌లో ఇచ్చిన 78 ఆర్‌పీఎమ్ గ్రామఫోన్ రికార్డులు తిరిగి ఐర్లండ్ చేరాయి. ఊరూరా జనం ఆయన్నే అనుకరించారు. ఆ ఊపులో కొన్ని ఊళ్ళ సొంత బాణీలు పలచబడ్డాయని నా బాధ.

మీరు ఒక్క ఫిడిలర్‌ని ఎంచుకుని, యూట్యూబ్‌లో స్పీడు 0.75కి తగ్గించి, ముందు నోటితో పాడండి. ఆ తర్వాత మిగతా ఇద్దరితో పోల్చండి. ముగ్గురిలోనూ కదలని స్వరాలే ట్యూన్‌కి ఎముకలు. ‘సి’ దగ్గర మాత్రం తికమక పడకండి: డిని షడ్జమం అనుకుంటే అది నిషాదం. కొందరు కైశికి (కింది నిషాదం) పలుకుతారు, కొందరు కాకలి (పై నిషాదం), పాతకాలపు వాళ్ళు కొందరు రెండింటికీ మధ్య ఎక్కడో. దాని మీద నేను ఏడాదిపాటు కంపితం (స్వరాన్ని ఊపే గమకం) వేసి అందరి చూపులూ నా మీదకి తెచ్చుకున్నాను, మీరా పని చేయకండి.