గ్రనాడాలో దిగుతున్న గ్యాంగ్‌కి: ఫోన్ సందేహాలు

ఈసారి కాలమ్ మొత్తం ఒకే గ్యాంగ్‌కి ఇచ్చేస్తున్నా. ఇంజినీరింగ్ కలిసి చదువుకున్న నలుగురు అమ్మాయిలు, ఇద్దరు హైదరాబాద్‌లో, ఒకరు మ్యూనిక్‌లో, ఒకరు డబ్లిన్‌లో ఉంటున్నారు, వచ్చే నెల స్పెయిన్‌లోని గ్రనాడాలో కలుస్తున్నారు. ఎవరి డౌటు వాళ్లు విడిగా పంపారు, నేను మాత్రం కలిపే చెప్తున్నా, ఎందుకంటే ఒకరి జవాబుతో ఇంకొకరికి పనుంది.

"అన్నా, రూమ్ అల్బైసీన్‌లో తీసుకున్నాం, రాత్రి 9కి రైలు దిగుతాం. మ్యాప్ పెట్టుకుని వెళ్లిపోవచ్చు కదా?"

వెళ్లొచ్చమ్మా, కానీ చివరి 200 మీటర్ల దగ్గరే తిప్పలు. అల్బైసీన్ ముస్లిం రాజుల కాలం నాటి, కొండ మీది పాతబస్తీ, 1492లో గ్రనాడా క్యాథలిక్ రాజుల చేతికి పోయినా ఆ సందులు మాత్రం చాలావరకు అలాగే ఉండిపోయాయి, 1994లో యునెస్కో జాబితాలోకి కూడా ఎక్కింది. రెండు చేతులు చాపితే రెండు గోడలూ తగిలేంత ఇరుకు సందులు కూడా ఉంటాయి. శాటిలైట్ సిగ్నల్ అలాంటి చోట నేరుగా ఫోన్‌కి రాదు, గోడలకి కొట్టుకుని కాస్త లేటుగా వస్తుంది, ఫోనేమో ఆ లేటుని దూరం అనుకుని లెక్కేస్తుంది, అందుకే నీలం చుక్క పక్క సందులోకి దూకేస్తుంటుంది. మీ ఫోన్ పాడైందని కంగారు పడకండి. పైగా మ్యాప్‌లో 80 మీటర్లే కదా అనిపించేది అక్కడికెళ్తే నిటారు మెట్లు, కింద గులకరాళ్లు, ట్రాలీ సూట్‌కేస్ చక్రాలు అస్సలు కదలవు.

కాబట్టి బయల్దేరే ముందే ఇంట్లో వైఫై మీద ఆర్గానిక్ మ్యాప్స్ అనే యాప్‌లో ఆ ప్రాంతం డౌన్‌లోడ్ చేసుకోండి, నెట్ లేకపోయినా నడక దారి చూపిస్తుంది. రూమ్ ఓనర్‌ని అడ్రస్ ఒక్కటే కాదు, కరెక్ట్ లొకేషన్ పిన్ను, గుమ్మం ఫొటో కూడా అడగండి. టాక్సీ గుమ్మం దాకా రాకపోవచ్చు, ఎక్కడ దించుతాడో అది కూడా అడిగి పెట్టుకోండి. లగేజీ తక్కువుంటే కొండ కింద ఉన్న ప్లాసా నుయెవా అనే చౌక్ నుంచి సీ31 మినీబస్సు పైకి వెళ్తుంది.

ఇంకో మాట, ఇది మాత్రం బతిమాలి చెప్తున్నా. నేను ఫ్రెండ్స్‌తో వెళ్లినప్పుడు అందరి టికెట్లు, డోర్ కోడ్, ఓనర్ నంబరు నా ఒక్క ఫోన్‌లోనే ఉన్నాయి, కొండ సగం ఎక్కేసరికి అది కాస్తా ఆఫ్ అయిపోయింది. చీకట్లో, తెలియని సందులో, ఏ తలుపు కొట్టాలో తెలీక నిలబడిపోయాం. మీరు నలుగురూ అన్నిటి స్క్రీన్‌షాట్లూ నాలుగు ఫోన్లలో పెట్టుకోండి, ఆ అడ్రస్ ఒక కాగితం మీద కూడా రాసుకోండి.

"సార్, ఈసిమ్ తీసుకోవాలా, ఇండియా సిమ్‌కి రోమింగ్ ప్యాక్ వేయాలా?"

మ్యూనిక్, డబ్లిన్ వాళ్లకి ఏ ఖర్చూ లేదు. 2017 నుంచి యూరోపియన్ యూనియన్‌లో రోమింగ్‌కి అదనపు చార్జీ లేదు, వాళ్ల సిమ్ స్పెయిన్‌లోనూ పనిచేస్తుంది, డేటాకి మాత్రం ప్లాన్‌ని బట్టి లిమిట్ ఉండొచ్చు. హైదరాబాద్ వాళ్లు డేటాకి ఈసిమ్, అంటే కార్డు లేకుండా ఫోన్‌లోనే ఇన్‌స్టాల్ చేసుకునే సిమ్, పెట్టుకోండి, కాకపోతే మీ ఫోన్ మోడల్‌కి ఈసిమ్ సపోర్ట్ ఉందో లేదో ముందే చూసుకుని, ఇంట్లో ఉండగానే ఇన్‌స్టాల్ చేయండి, ఎందుకంటే అక్కడ దిగాక దాన్ని ఇన్‌స్టాల్ చేయడానికే నెట్ కావాలి. ఇండియా సిమ్ తీసేయకండి, ఓటీపీలు దానికే వస్తాయి. దానికి రోమింగ్ ఆన్ చేయించి, ఆ సిమ్‌లో డేటా మాత్రం ఆఫ్ పెట్టండి.

డబ్బుల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తా. అక్కడి షాపుల్లో మన యూపీఐ మీద ఆశ పెట్టుకోవద్దు. బ్యాంక్ యాప్‌లో కార్డుకి ఇంటర్నేషనల్ వాడకం ఆన్ చేసుకోండి, 2020 నుంచి కొత్త కార్డులకి అది ఆఫ్‌లోనే వస్తోంది. మెషీన్ రూపాయల్లోనా, యూరోల్లోనా అని అడిగితే ప్రతిసారీ యూరోలే నొక్కండి. రూపాయలు నొక్కితే వాళ్లు పెట్టిన మారకం రేటు పడుతుంది, అది మనకి నష్టమే.

"మన చార్జర్లు అక్కడ పనిచేస్తాయా?"

కరెంటు రెండుచోట్లా 230 వోల్టులే. టూ పిన్ ఫోన్ చార్జర్ చాలావరకు నేరుగా పడుతుంది, త్రీ పిన్ ల్యాప్‌టాప్ ప్లగ్ పట్టదు, దానికి అడాప్టర్ కావాలి. పవర్ బ్యాంక్ హ్యాండ్ బ్యాగులోనే పెట్టుకోండి, చెక్ ఇన్ లగేజీలో ఒప్పుకోరు.

మీలో ఎవరూ అడగలేదు గానీ అల్హంబ్రా, అంటే గ్రనాడాలోని ఆ పాత ముస్లిం రాజుల కోట, దాని టికెట్ల గురించి చెప్పకపోతే నాకు మనసొప్పదు. ఆ టికెట్ పేరు మీద ఉంటుంది, బుక్ చేసేటప్పుడు నలుగురి పేర్లూ పాస్‌పోర్ట్‌లో ఉన్నట్టే టైప్ చేయండి, ఆ రోజు ఒరిజినల్ పాస్‌పోర్ట్ దగ్గరుండాలి, ఫోన్‌లో ఫొటో చూపిస్తే సరిపోతుందనుకోవద్దు. టికెట్ మీద టైమ్ ఉంటుంది చూడండి, అది కోట లోపలున్న నస్రిద్ ప్యాలెస్‌లకి (ఆ రాజుల మహళ్లకి), మెయిన్ గేటుకి కాదు. మెయిన్ గేటు దగ్గర్నుంచి అక్కడికి నడవడానికే పావుగంట పైన పడుతుంది. క్యూఆర్ కోడ్ ముందే చేతిలో ఉంటే న్యాయ ద్వారం, అంటే ప్యూర్తా దె లా హుస్తీసియా వైపు నుంచి వెళ్లండి, అది దగ్గర. ఆ క్యూఆర్ కూడా నాలుగు ఫోన్లలోనూ సేవ్ చేసుకోండి, బ్రైట్‌నెస్ పెంచి చూపిస్తే స్కానర్ త్వరగా చదువుతుంది.