టెక్ సందేహాలు: యాప్‌లో స్కూలు పక్కనే, దారిలో అండర్‌బ్రిడ్జి

ప్రశ్న: మా పాపను వచ్చే జూన్‌లో ఎల్‌కేజీలో చేర్చాలి. ఈలోపు స్కూలుకు దగ్గర్లో అద్దెకు మారదామనుకుంటున్నాం. ఇళ్ల యాప్‌లో మాకు నచ్చిన ఇంటికి ‘స్కూలు 800 మీటర్లు’ అని చూపిస్తోంది. నమ్మవచ్చా? అమెరికాలో ఉండే మా ఆడపడుచు, ఇల్లు ఎక్కడుంటే స్కూలు అక్కడే, అడ్రస్ చూసుకుని తీసుకోమంటోంది. ఇక్కడా అంతేనా? అడ్మిషన్ల వాట్సాప్ గ్రూపులో పాప ఆధార్, బర్త్ సర్టిఫికెట్ పెట్టమన్నారు. పెట్టేయనా?
– ఒక గృహిణి, వేదాయపాళెం, నెల్లూరు

జవాబు: ఆధార్ గ్రూపులో పెట్టకండమ్మా. మిగతావి తర్వాత మాట్లాడుకుందాం.

ఆ గ్రూపులో ఎంతమంది ఉన్నారో, అడ్మిన్ నిజంగా స్కూలు మనిషేనో కాదో మీకు తెలియదు. డౌన్‌లోడ్ చేసుకున్న ఆధార్ పీడీఎఫ్‌కు పాస్‌వర్డ్ ఉందిగా అని ధీమాగా ఉంటారు చాలామంది. ఆ పాస్‌వర్డ్ ఏమిటి? పేరులో మొదటి నాలుగు ఇంగ్లిష్ అక్షరాలు, పుట్టిన సంవత్సరం. పక్కనే బర్త్ సర్టిఫికెట్ కూడా పెడితే తాళంతో పాటు తాళంచెవి కూడా ఇచ్చినట్టే. ఐదేళ్లలోపు పిల్లలకు వేలిముద్రలు తీసుకోరు, తల్లి లేదా తండ్రి ఆధార్‌తో ముడిపెట్టి ఇస్తారు. కాబట్టి బయటికి పోయేది పాప వివరాలొక్కటే కాదు.

అసలు స్కూల్లో చేరడానికి ఆధార్ తప్పనిసరి చేయకూడదని సుప్రీంకోర్టు 2018లోనే చెప్పింది. అయినా ఇవ్వక తప్పదనిపిస్తే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి. అందులో చివరి నాలుగు అంకెలే కనిపిస్తాయి. జిరాక్స్ మీద అడ్డంగా స్కూలు పేరు, తేదీ, ‘అడ్మిషన్ కోసం మాత్రమే’ అని రాసి, ఆఫీసులో చేతికివ్వండి. ప్రింటు కోసం నెట్ సెంటర్‌కు వెళితే, వచ్చేముందు ఆ కంప్యూటర్‌లో డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిపించి, మీ ఫైలు తీసేయించండి. రీసైకిల్ బిన్‌లోంచి కూడా. ఆ ఫోల్డర్లు తెరిస్తే ఊళ్లో వాళ్ల ఆధార్‌లు, పాన్ కార్డులు, బ్యాంకు పాస్‌బుక్కులు వరసగా కనిపిస్తాయి. మన ఊళ్లల్లో నాకు అన్నిటికంటే భయం కలిగించేది ఇదే. దీనికి హ్యాకర్లు అక్కర్లేదు, తర్వాత కూర్చున్నవాడు చాలు.

ఇక దూరం సంగతి. ఇలాంటి యాప్‌లలో చాలావాటికి దూరమంటే రెండు చుక్కల మధ్య గీసిన గీత. నెల్లూరును రైలు పట్టాలు చీల్చుకుంటూ పోతాయి. ఇల్లు పట్టాలకు ఇటు, స్కూలు అటు అయితే 800 మీటర్లు ఏ మూలకు? రామలింగాపురం, మాగుంట లేఅవుట్ అండర్‌బ్రిడ్జిలు గట్టి వాన పడితే ఏమవుతాయో మీకు నేను చెప్పాలా? గూగుల్ మ్యాప్స్‌లో కారు దారి తెరిచి, బయలుదేరే టైము సోమవారం ఉదయం 8.15 అని పెట్టి చూడండి. అదీ అంచనాయే. సంతకం పెట్టేముందు ఒకరోజు అదే టైముకి బండి మీద వెళ్లి రండి.

మీ ఆడపడుచు చెప్పింది అక్కడ నిజం. అమెరికాలో ప్రభుత్వ స్కూళ్లకు చాలాచోట్ల హద్దులుంటాయి, వీధికి అటు ఇల్లు ఒక స్కూలుకి, ఇటు ఇల్లు ఇంకో స్కూలుకి పోవచ్చు. ఇక్కడ ఫీజు కట్టి ప్రైవేటు స్కూల్లో చేర్చేవాళ్లకు ఆ బాధ లేదు. అడ్రస్ లెక్కలోకొచ్చేది విద్యాహక్కు చట్టం కింద ప్రైవేటు స్కూళ్లలో ఇచ్చే 25 శాతం ఉచిత సీట్లకు. మన రాష్ట్రంలో అవి ఎల్‌కేజీలో కాదు, ఒకటో తరగతిలో. కిలోమీటరు లోపు ఉన్నవాళ్లకు మొదటి ప్రాధాన్యం, ఆ తర్వాత మూడు కిలోమీటర్ల లోపు వాళ్లకు. మీరు దానికి అర్హులైతే అద్దె అగ్రిమెంటు తప్పకుండా రాయించుకోండి, అడ్రస్ రుజువుగా పనికొస్తుంది.

ఈ ఇళ్ల యాప్‌ల మీద నా కోపం వేరే ఉంది. ఇల్లు ఏ వీధిలో ఉందో చెప్పడానికే ఫోన్ నంబరు అడుగుతాయి. ఇచ్చిన మరుక్షణం నుంచి బ్రోకర్ల ఫోన్లు. ఆరు నెలల కిందటే అద్దెకు పోయిన ఇల్లు ఇంకా ఖాళీ అనే చూపిస్తాయి. చంటిపిల్లను చంకనేసుకుని ఎండలో వెళ్లిన తల్లికి ఆ సంగతి గేటు దగ్గర తెలుస్తుంది. పాత ప్రకటన తీసేయడం పెద్ద సాంకేతిక సమస్యేమీ కాదు, ఎక్కువ ఇళ్లు కనిపించాలన్న ఆశ అంతే. దొంగలు దూరేది కూడా ఇక్కడే. ‘నేను సైన్యంలో ఉన్నాను, బదిలీ అయింది, అడ్వాన్సు పంపితే తాళాలు వస్తాయి’ అంటాడొకడు. ఇల్లు అద్దెకిచ్చే ఓనర్లకైతే, అద్దె పంపుతామంటూ ఈ దొంగలే క్యూఆర్ కోడ్ పంపి స్కాన్ చేయమంటారు. డబ్బు రావడానికి యూపీఐ పిన్ కొట్టాల్సిన పనే లేదు, కొట్టమన్నాడంటే మీ ఖాతా ఖాళీ చేయడానికే. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.

ఇది చదివేలోపే పాప ఆధార్ గ్రూపులో పెట్టేసి ఉంటే, వెంటనే ‘డిలీట్ ఫర్ ఎవ్రీవన్’ కొట్టండి. సుమారు రెండున్నర రోజులు దాటితే ఆ వీలు కూడా ఉండదు, అప్పటికే దించుకున్నవాళ్ల ఫోన్లలోంచి ఎలాగూ పోదు.