వరద ఇంత వచ్చినా బంగాళాఖాతం ఎందుకు పచ్చబడదు?

ప్రశ్న: వరదల కాలంలో గోదావరి ఎర్రనీళ్లతో బోలెడంత ఒండ్రు తెచ్చి సముద్రంలో పోస్తుంది. అయినా బంగాళాఖాతంలో వృక్ష ప్లవకాలు (నీళ్లలో తేలుతూ నీటిని పచ్చగా చేసే కంటికి కనిపించనంత చిన్న మొక్కలు) అరేబియా సముద్రంలో కన్నా తక్కువని చదివాను. ఎందుకలా? సుడులు ఈ లోటు కొంత తీరుస్తాయంటారు, అదెలా?
– ఒక పాఠకుడు, ఉప్పాడ

జవాబు: మీరు చదివింది నిజమే. చిక్కంతా ఆ మంచినీళ్లతోనే ఉంది. గంగ, బ్రహ్మపుత్ర, మహానది, గోదావరి, కృష్ణ, అటు బర్మా వైపు నుంచి ఇరావతి, వీటికి తోడు వాన, అన్నీ కలిసి ఉప్పునీటి కన్నా తేలికైన నీటిని పైన మూతలా పరిచేస్తాయి. నదులు తెచ్చిన పోషకాలు చాలావరకు తీరం దగ్గరే ఖర్చయిపోతాయి. అక్కడ కూడా నీరు బురదగా ఉంటే వెలుగు లోపలికి దిగదు. అసలు నిల్వ, అంటే నైట్రేట్, ఫాస్ఫేట్, సిలికేట్, కింద చల్లటి చీకటి నీళ్లలో ఉంది. అరేబియాలో నైరుతి గాలులు బలంగా వీచి ఆ నిల్వను పైకి తెస్తాయి, ఇక్కడ గాలి జోరు తక్కువ, పైగా ఆ మూత అడ్డం.

ఇప్పుడు సుడుల సంగతి. పడవల్ని లాగేసే సుడిగుండాలు కావివి. వంద, రెండొందల కిలోమీటర్ల వెడల్పుతో వారాలు, నెలల తరబడి నెమ్మదిగా తిరిగే నీళ్లు, బోటులో మధ్యలోంచి వెళ్లినా మీకు తెలియదు. మన అర్ధగోళంలో గడియారానికి ఎదురుగా తిరిగేవి మధ్యలో చల్లటి నీటిని పైకి ఎత్తుతాయి, రెండో రకం కిందికి నొక్కేస్తాయి. ఎత్తినచోట పోషకాలు వెలుగు అందే లోతుకు చేరి, కొద్ది రోజుల్లోనే ప్లవకాలు పెరుగుతాయి. 2001 వానాకాలంలో గోవాలోని జాతీయ సముద్ర విజ్ఞాన సంస్థ వాళ్లు ఓడలో వెళ్లి ఇలాంటి చల్లని సుడులను కొలిచారు. తీరానికి దగ్గరగా వచ్చిన సుడి అయితే ఇంకో పని కూడా చేస్తుంది, నదీ ముఖం దగ్గరి పచ్చటి నీటిని పాయలా లాగి లోసముద్రంలోకి తీసుకుపోతుంది.

ఒక్కటి మాత్రం గుర్తుంచుకోండి: పై మూత గట్టిగా ఉంటే పోషకాలు పైదాకా రావు, పచ్చదనం నలభై, యాభై మీటర్ల లోతులోనే ఉండిపోతుంది. అది ఉపగ్రహానికి కనబడదు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ (సముద్ర సమాచారం అందించే జాతీయ కేంద్రం) చేపల వేటకు ఇచ్చే సూచనలు ఎక్కువగా నీటి రంగు, ఉష్ణోగ్రతల మీద ఆధారపడినవి, మబ్బు పడితే ఆ చిత్రాలు కూడా సరిగ్గా దొరకవు. అందుకే సముద్రమట్టం పటాలు కూడా చూడాలంటాను నేను. చల్లని సుడి మధ్యలో మట్టం కొన్ని సెంటీమీటర్లు దిగి ఉంటుంది, రాడార్ ఉపగ్రహాలు మబ్బుల మీదుగానైనా దాన్ని పట్టేస్తాయి.