ఒకరు దిగితే ఇద్దరూ దిగాల్సిందేనా?

ప్రశ్న: ఉత్తర ఐర్లండ్‌లో ఫస్ట్ మినిస్టర్ రాజీనామా చేస్తే డిప్యూటీ ఫస్ట్ మినిస్టర్ పదవి కూడా పోతుందట. ఇదెక్కడి న్యాయం? ఎక్కువ సీట్లొచ్చిన వాళ్లు పాలించుకుంటే సరిపోదా?
– ఒక పాఠకురాలు, ఏలూరు

జవాబు: నిజమేనండీ. ఉత్తర ఐర్లండ్ బ్రిటన్ ఏలుబడిలోని ప్రాంతం. బ్రెగ్జిట్ (ఐరోపా సమాఖ్య నుంచి బ్రిటన్ బయటికి రావడం) తర్వాత వచ్చిన సరకుల తనిఖీల గొడవ మీద 2022 ఫిబ్రవరిలో ఫస్ట్ మినిస్టర్ పాల్ గివన్ రాజీనామా చేయగానే, డిప్యూటీ మిషెల్ ఓనీల్ పదవి కూడా పోయింది. ఆయన బ్రిటన్‌తోనే ఉండాలనే యూనియనిస్టు, ఆవిడ ఐర్లండ్ అంతా ఒకటి కావాలనే జాతీయవాది. యూనియనిస్టుల్లో ఎక్కువమంది ప్రొటెస్టెంట్లు, జాతీయవాదుల్లో ఎక్కువమంది కాథలిక్కులు. పేరుకే డిప్యూటీ గానీ ఆ రెండు పదవులకూ అధికారం సమానం.

మీరన్న పద్ధతి అక్కడ నడిచిందే. 1921 నుంచి 1972 దాకా యూనియనిస్టులు ఒక్కసారి కూడా గద్దె దిగలేదు. డెర్రీ నగరంలో కాథలిక్కులే ఎక్కువ, అయినా వార్డుల హద్దులు గీసిన తీరు వల్ల కౌన్సిల్ మాత్రం యూనియనిస్టులదే. పైగా స్థానిక ఎన్నికల్లో ఇల్లుగలవాళ్లకే ఓటు, అంటే కౌన్సిల్ ఎవరికైనా ఇల్లిచ్చిందంటే ఓటు కూడా ఇచ్చినట్టే, అందుకే ఇళ్ల దగ్గర అంత పక్షపాతం. 1968లో కాలెడన్ అనే ఊళ్లో పిల్లలున్న కాథలిక్ కుటుంబాలు ఇంటి కోసం ఎదురుచూస్తుంటే, పెళ్లికాని 19 ఏళ్ల ప్రొటెస్టెంట్ అమ్మాయికి ఇల్లు ఇచ్చారు. ఆస్టిన్ కరీ అనే శాసనసభ్యుడు ఆ ఇంట్లోకి దూరి కూర్చుంటే పోలీసులు బయటికి లాగేశారు. అదే ఏడాది డెర్రీలో పౌరహక్కుల ఊరేగింపు మీద లాఠీలు లేచాయి. ఆ తర్వాతి 30 ఏళ్ల హింసలో 3,500 మందికి పైగా చనిపోయారు.

అంత రక్తం చూశాక 1998లో కుదిరిన ఒప్పందంలోది ఈ జోడు పదవుల ఏర్పాటు. 2024లో ఓనీల్ ఫస్ట్ మినిస్టర్ అయ్యారు, ఇప్పుడు డిప్యూటీ యూనియనిస్టు ఎమ్మా లిటిల్-పెంగెలీ. ఒకప్పుడు కాథలిక్కుల కోసం అడిగిన రక్షణ ఇవాళ యూనియనిస్టులకూ పనికొస్తోంది చూడండి!

అయితే మీ బాధలోనూ న్యాయముంది. 2017 నుంచి మూడేళ్లు, 2022 నుంచి రెండేళ్లు పూర్తిస్థాయి ప్రభుత్వమే లేదు, ఆపరేషన్ కోసం ఎదురుచూసే రోగికి ఎవరు అలిగారన్నదానితో పనేముంది? ఏ వర్గానికీ చెందమనే అలయన్స్ పార్టీకి 2022లో 17 సీట్లొచ్చాయి, కానీ రెండు వర్గాల మెజారిటీ విడివిడిగా లెక్కేసే ఓటింగ్‌లో వాళ్ల ఓటు ఆ రెండు వర్గాల లెక్కల్లో దేనిలోకీ రాదు. ఇద్దరూ కలిసి పాలించాలన్న నియమం ఉండాల్సిందే, ఒక పార్టీ తప్పుకుంటే మొత్తం ప్రభుత్వమే మూతపడే నియమం మాత్రం మార్చాలి, ఆ మార్పు కూడా రెండు వర్గాలూ ఒకే బల్ల దగ్గర కూర్చుని ఒప్పుకుంటేనే చేయాలి.