యూ8లో ఎన్ని బస్తాలు పడతాయి?

ప్రశ్న: అన్నా, మాది ఆదోని, బీటెక్ చదువుతున్నా. సీ లాంగ్వేజ్ వచ్చు, ఈమధ్యే రస్ట్ అనే ఇంకో ప్రోగ్రామింగ్ లాంగ్వేజ్ మొదలుపెట్టినా. మా మామ పత్తి మండీకి బస్తాల లెక్క ప్రోగ్రామ్ రాసిస్తే, ఇంట్లో టెస్ట్ చేసినప్పుడు 255 దాటంగానే ప్యానిక్ అయి ఆగిపోయింది, రిలీజ్ బిల్డ్ ఇస్తే ఆగలేదు గానీ లెక్క మళ్లీ సున్నాకొచ్చింది. కౌంట్‌కి యూ8 (u8) అనే నంబర్ టైపు పెట్టినా. సీలో ఇంట్ అని పెడితే అయిపోయేది కదా, దీంట్లో ఇన్ని టైపులు ఎందుకు? ఇంకోటి, "కర్నూలు" అనే స్ట్రింగ్‌కి లెన్ (పొడవు) 21 అని వస్తోంది, అదేంది?

జవాబు: తమ్ముడూ, యూ8 అంటే 8 బిట్లు, మైనస్ ఉండదు, 0 నుంచి 255 దాకానే పడుతుంది, 256వ బస్తాకి దాంట్లో చోటు లేదు. నువ్వు ఇంట్లో టెస్ట్ చేసిన డీబగ్ బిల్డ్‌లో ఓవర్‌ఫ్లో చెక్, అంటే నంబర్ టైపు హద్దు దాటిందా అని చూడటం, ఉంటుంది కాబట్టి అక్కడికక్కడే ఆపేసింది, రిలీజ్‌లో స్పీడ్ కోసం ఆ చెక్ డిఫాల్ట్‌గా ఉండదు, అందుకే చుట్టు తిరిగి సున్నాకొచ్చింది. ఆగిపోవడమే నయం, తప్పు లెక్క మీద మండీలో డబ్బులు చేతులు మారితే ఎవరు సర్దుతారు చెప్పు. రిలీజ్ ప్రొఫైల్‌లో ఓవర్‌ఫ్లో చెక్స్ ఆన్ చేసుకో, లేదంటే మామూలు ప్లస్ బదులు చెక్డ్ యాడ్ వాడు, పట్టకపోతే నన్ (None, అంటే విలువ ఏమీ లేదు) అని వస్తుంది. కౌంట్‌కి 32 బిట్ల యూ32 పెట్టు, చాలు.

సీలో ఇంట్ కనీసం 16 బిట్లు ఉండాలనే రూల్ తప్ప ఇంతే అని లేదు. లాంగ్ అయితే 64 బిట్ లినక్స్‌లో 8 బైట్లు, విండోస్‌లో 4. రస్ట్‌లో సైజు పేరులోనే ఉంటుంది, ఏ మెషీన్ మీదైనా ఐ32 (మైనస్ కూడా పట్టే టైపు) అంటే 32 బిట్లే. ఐసైజ్, యూసైజ్ మాత్రం మెషీన్‌ని బట్టి మారతాయి.

నువ్వు అడగలేదు గానీ నాకు అసలు భయం డబ్బు దగ్గరే. ఏ టైపూ చెప్పకుండా పూర్ణాంకం రాస్తే రస్ట్ ఐ32 అనుకుంటుంది, దాని హద్దు 2147483647. పైసల్లో దాచావంటే 2 కోట్ల 14 లక్షల చిల్లర రూపాయలకే నిండిపోతుంది, మండీ సీజన్‌లో అదేమంత పెద్ద మొత్తం కాదు. ఐ64 పెట్టు. దశాంశాల టైపు ఎఫ్64 మాత్రం వద్దు, దాంట్లో 0.1, 0.2 కలిపితే కచ్చితంగా 0.3 రాదు.

ఇక లెన్ చెప్పేది బైట్లు, అక్షరాలు కాదు. స్ట్రింగ్ యూటీఎఫ్-8లో, అంటే అక్షరాల్ని బైట్లుగా దాచే పద్ధతిలో, ఉంటుంది, దాంట్లో తెలుగు క్యారెక్టర్ ఒక్కోటి 3 బైట్లు. క, ర, పొల్లు, న, కొమ్ముదీర్ఘం, ల, కొమ్ము, మొత్తం 7, అందుకే 21. చార్స్ మీద కౌంట్ పెడితే 7 వస్తుంది. రసీదులో పేరు కత్తిరించాల్సి వస్తే బైట్ల లెక్కన కత్తిరించొద్దు, క్యారెక్టర్ మధ్యలో పడిందంటే అక్కడా ప్యానిక్ అవుతుంది.